లక్కచెవి

"మీ దగ్గరున్న పాత లక్క సీళ్ళలో మూడు కరిగించాలండీ," అంది నీలవేణి.

విశ్వవిద్యాలయ చరిత్ర భాండాగారానికి వచ్చినవాళ్ళు మాణిక్యాంబ గారిని చాలా అడిగారు. ఫ్యాను వేగం పెంచమన్నారు. ఫోటోలు తీసుకోనిమ్మన్నారు. ఒకాయనైతే పాత పట్టాల పుస్తకం మీద టిఫిన్ డబ్బా పెట్టుకోవచ్చా అని కూడా అడిగాడు. కానీ దాచిపెట్టిన వస్తువును కరిగించేస్తాను ఇమ్మని అడిగిన మనిషి ఈమే మొదలు.

ఆవిడ కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నీలవేణిని చూశారు.

"బ్యాగు బయట పెట్టావా?"

"పెట్టానండీ."

"పెన్ను?"

"అదీ బయటే. పెన్సిలొక్కటే తెచ్చాను."

"ఇన్ని నియమాలు తెలిసినదానివి, ఈ మాట ఎలా అడిగావమ్మా?"

నీలవేణి కుర్చీ ముందుకు జరుపుకోబోయింది. మోకాలికి టేబుల్ మూల టక్కున తగిలింది. ఆ మూలన అంచుకు వేలాడుతూ కందిరీగల గూడంత ఎర్రటి లక్కగడ్డ ఉంది. మాణిక్యాంబ గారు దానికి తాళాల గుత్తి తగిలించుకుంటారు. వచ్చిన ప్రతివాళ్ళ మోకాలికీ అది తగులుతుంది. దాన్ని చెక్కించెయ్యాలని ఆవిడ అనుకోవడం, మరిచిపోవడం మామూలే.

మోకాలు రుద్దుకుంటూనే నీలవేణి చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధకురాలు. ఆర్నెల్ల క్రితం ప్రయోగశాలలో ఒక పోస్టుకార్డు మీద లక్క చుక్క వేసి, ముద్ర ఒత్తి, అది ఆరేలోపు ఆ రోజు పేపర్లో వచ్చిన వాతావరణ వార్త గట్టిగా చదివింది. మర్నాడు ఆ చుక్కను తన యంత్రం కింద పెట్టింది. స్పీకర్లోంచి తన గొంతు వినిపించింది. బంగాళాఖాతంలో అల్పపీడనం. వెనకాల కిటికీ మీద కాకి. ఆ తర్వాత టీ అబ్బాయిని పిలుస్తున్న పక్కగది ప్రొఫెసరు గారు.

చల్లబడే లక్క మీద పాల మీగడలా పొర కడుతుంది. గదిలో ఎవరు మాట్లాడినా ఆ పొర వణుకుతుంది. వణుకుతూనే గట్టిపడుతుంది. దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. యంత్రం సన్నటి వేడి కిరణంతో ఒక్కొక్క పొరనే కరిగిస్తూ ఆ వణుకును చదివి శబ్దంగా మారుస్తుంది. దానికి ఆమె పెట్టిన పేరు లక్కచెవి.

"చదివిన పొర ఏమవుతుంది?" అని మాణిక్యాంబ గారు అడిగారు.

"పోతుందండీ. ఒక ముద్ర ఒక్కసారే మాట్లాడుతుంది."

"అయితే కుదరదు. ఇక్కడ ఉన్నది మళ్ళీ మళ్ళీ చూడటానికి. ఒకసారి చూసి పారెయ్యడానికి కాదు."

అప్పుడు నీలవేణి అసలు సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న సన్యాసినాయుడు ఈ విశ్వవిద్యాలయంలోనే పరీక్షల విభాగం సూపరింటెండెంటు. కొండ దిగువ నుంచి పిలిస్తే కొండ మీద హాస్టల్లో కుర్రాళ్ళు లేచి కూర్చునేవాళ్ళట, అంత గొంతు. ఆమెకు నాలుగేళ్ళప్పుడు కేన్సర్ వచ్చి గొంతుపెట్టె మొత్తం తీసేశారు. ఇప్పుడాయన మెడ మీది రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు. పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతాడు. చెప్పాలంటే పలక మీద రాస్తాడు. ఉన్న ఒక్క పెళ్ళి క్యాసెట్టూ తుఫాను నీళ్ళలో నాని పోయింది. నాన్న గొంతు ఎలా ఉండేదో నీలవేణికి గుర్తు లేదు. కొన్ని నిమిషాల మాట దొరికితే చాలు, ఆ గొంతుకు అచ్చు తయారు చేయగల స్నేహితురాలు బెంగుళూరులో ఉంది. అప్పుడు ఆయన టైపు చేసింది ఆయన గొంతుతోనే పలుకుతుంది.

మాణిక్యాంబ గారు సూచిక కార్డుల పెట్టె దగ్గరికి లాక్కున్నారు. కరిగించడం సంగతి వీసీ గారు తేల్చాలి అన్నారు. వెతకడం వరకూ తాను సాయం చేస్తానన్నారు.

నీలవేణి సూచికలో అప్పటికే సన్యాసినాయుడు పేరు వెతికింది. ఏమీ దొరకలేదు. ఆ మాట వినగానే ఆవిడ నవ్వారు.

"ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ చేసే పొరపాటే ఇది. భాండాగారానికి మనుషుల పేర్లు గుర్తుండవమ్మా. పనులు గుర్తుంటాయి. మీ నాన్న ఎవరు అని అడగకు. మీ నాన్న ఏ పని చేశాడు, ఆ పనిలో ఏం మిగిలింది, అది ఏ విభాగం నుంచి ఇక్కడికొచ్చింది, అలా అడుగు."

అలా అడిగితే అరగంటలో దొరికింది. పరీక్షల విభాగం, వాడకుండా మిగిలిపోయిన ప్రశ్నపత్రాల కట్టలు. గోనెగుడ్డలో కుట్టి, ప్రతి కుట్టు మీదా ఎర్రటి లక్కముద్ర. చెక్కుచెదరలేదు. నీలవేణి చేతులు వెనక్కి కట్టుకుని వాటి మీదికి వంగింది. ముట్టుకోవాలంటే భయం వేసింది.

* * *

వీసీ గారు వెంటనే ఒప్పుకున్నారు. శతాబ్ది ఉత్సవాలు దగ్గరపడుతున్నాయి. వందేళ్ళ నాటి గొంతులు వేదిక మీద మాట్లాడితే పేపర్లలో పతాక శీర్షిక ఖాయమని ఆయన లెక్క. ముందు మూడు సీళ్ళతో తన ఎదుట చేసి చూపించమన్నారు. కుదిరితే ప్రయోగశాలకి కొత్త గది. కుదరకపోతే ఉన్న గది కూడా ఉత్సవాల సామాన్లకి కావాలి.

ఆ రోజు పొద్దున్న ఇంట్లో ఎప్పటిలాగే ఉప్మా. నీలవేణి నిలబడే తింటోంది. తండ్రి గ్లాసు మీద చెంచాతో టకటక కొట్టి, పళ్ళెం చూపించి, చెయ్యి అటూ ఇటూ తిప్పాడు.

"బాగుందంటున్నాడమ్మా," అంది నీలవేణి.

"ఇంకాస్త ఎయ్యనా?" అంటూ తల్లి వరహాలమ్మ గరిటెడు వడ్డించింది.

నాయుడు నిట్టూర్చాడు. మెడ మీది రంధ్రంలోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. తర్వాత పలక అందుకుని రాయబోయాడు. కూతురు ఈ రోజు కరిగించబోయేది ఏమిటో ఆయనకు నిన్ననే తెలిసింది. మొదటి మాట పూర్తికాకుండానే నీలవేణి పలక తీసి బల్ల మీద పెట్టేసింది.

"నీ ఆశీర్వాదం నాకు తెలుసులే నాన్నా. బస్సు పోతుంది."

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో జరిగేది అదే. ఆయన చెయ్యి ఎత్తితే చాలు, మిగతా మాట నీలవేణి చెప్పేస్తుంది. చుట్టాల ముందు, డాక్టరు ముందు, కూరగాయల బండి ముందు. తండ్రికి తనే గొంతునని ఆమెకు గర్వం కూడా.

ప్రయోగశాలలో వీసీ గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన పక్కన ఉత్సవ కమిటీ. వెనకాల గోడకు ఆనుకుని మాణిక్యాంబ గారు, చేతిలో మూడు సూచిక కార్డులతో. మొదటి ముద్ర యంత్రం కింద పెట్టారు. వేడి కిరణం తాకగానే లక్క వాసన గుప్పున లేచింది.

స్పీకర్లోంచి, చెవి పక్కనే ఎవరో ఉన్నట్టు, ఒక శబ్దం వచ్చింది.

"హా."

అంతే. తర్వాత ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ముద్ర కరిగిపోయింది.

రెండోది. "హా." ఫ్యాను. ఎవరో కుర్చీ జరిపారు.

మూడోది. "హా."

ఇత్తడి ముద్ర లక్కకు అంటుకోకుండా ఒత్తే ముందు దాని మీద ఊపిరి ఊదుతారని మాణిక్యాంబ గారు మెల్లగా చెప్పారు. ఆ ఊపిరి తప్ప ముద్రల్లో ఇంకేమీ లేదు. ఒక్క మాట లేదు.

"అతిథులకి ఊపిరి వినిపించమంటారా నీలవేణి గారూ?" అన్నారు వీసీ గారు. కమిటీ నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. సోమవారానికి గది ఖాళీ చేయమని చెప్పి లేచారు.

మాణిక్యాంబ గారు మూడు కార్డుల మీదా పెన్సిలుతో ఒకే మాట రాశారు. వాడకంలో నశించినది. నీలవేణి వైపు చూడకుండా వెళ్ళిపోయారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

* * *

ఆ సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని నీలవేణి తల్లికి జరిగింది చెప్పింది. సోమవారం తర్వాత లక్కచెవి అట్టపెట్టెలోకి వెళుతుంది. గది లేదు, కరెంటు లేదు, ఇంకో సీలు ఎవరూ ఇవ్వరు. ఇక నాన్న గొంతు అనేది లేనట్టే. ప్రయోగశాలలో ఏం వినిపించిందో వినమంటూ ఫోన్లో ఆ రికార్డింగు పెట్టింది.

మొదటి ఊపిరికి వరహాలమ్మ తలెత్తలేదు. రెండోదానికీ ఉల్లిపాయ తరుగుతూనే ఉంది. మూడో ఊపిరికి కత్తిపీట ఆగింది.

"ఇది మీ నాన్న," అంది.

"ఊపిరే కదమ్మా. ఎవరిదైనా అలాగే ఉంటుంది."

"ఇన్నేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, నాకు తెల్దేటి? నోటంట ఊపిరి ఒదిలితే సివర్న అలాగే ఆపీవోడు. ఇప్పుడు మెడలోంచి కదా వొస్తంది. ఇది నాను మళ్ళీ ఇంటాననుకోలేదే."

చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హాల్లోంచి గ్లాసు మీద చెంచా మోగింది. నాయుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కూతురి చేతిలో పలక పెట్టి, ఆమె పెదవుల మీద వేలు ఆనించి, చదవమన్నట్టు చూశాడు. పొద్దున్న రాయబోయినది ఇప్పుడు పూర్తిగా రాశాడు.

'ముద్ర వేసే గదిలో ముద్ర పడేవరకు ఎవరూ మాట్లాడకూడదు. ప్రశ్నపత్రంలో మాట ఒక్కటి బయటికి పోయినా ఉద్యోగం పోయేది. ఆ కట్టల్లో నా గొంతు ఉండదని పొద్దున్నే చెబుదామనుకున్నాను.'

నీలవేణి రెండుసార్లు చదివింది. తప్పు యంత్రానిది కాదు. ఏడ్వాలో నవ్వాలో తెలియక పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

* * *

శనివారం మాణిక్యాంబ గారికి క్షమాపణ చెప్పడానికి వెళుతుంటే నాయుడు కూడా చొక్కా తొడుక్కుని బయలుదేరాడు. భాండాగారం గుమ్మంలో ఆయన చేతిసంచీ బయట పెట్టించారు. జేబులో పెన్ను కూడా తీయించారు. ఆయన లోపలికి అడుగుపెట్టి, చదువుకునే టేబుల్ చూసి ఆగిపోయాడు. మరుక్షణం పరుగులాంటి నడకతో వెళ్ళి దాన్ని రెండు చేతులా తట్టాడు.

పరీక్షల విభాగానికి కంప్యూటర్లు వచ్చినప్పుడు పాత సామాను ఇక్కడికి పంపారని మాణిక్యాంబ గారు చెప్పారు. అది ఆయన టేబులే.

నాయుడు తన పాత చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి తనంతట తానే మూలకు వెళ్ళి లక్కగడ్డను నిమిరింది. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళ ముందు ఆ గదిలో జరిగే పనంతా మాటల్లేకుండా ఆడి చూపించాడు. దీపం మీద లక్క కడ్డీ పట్టుకున్నాడు. తగినంత కాగిందో లేదో చూడటానికి మొదటి చుక్కను టేబుల్ మూలన వదిలాడు. అలా వదులుతూ మరో చేతిని కాకి ముక్కులా టపటపా ఆడించాడు. అటు తిరిగి ఒకరితో, ఇటు తిరిగి ఇంకొకరితో. పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడు కడ్డీని కట్ట మీదికి తెచ్చి, పెదవులు బిగించి, మూసిన నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

నీలవేణి టేబుల్ మూలకి వంగి చూసింది.

కట్ట మీద ముద్ర మౌనంగా పడేది. కానీ కాగిందో లేదో చూసే తొలి చుక్క ఆ మౌనం మొదలవ్వకముందే పడేది, అందరూ కబుర్లాడుతుండగా. ప్రతి పరీక్షకీ ఒక చుక్క, ఒకే మూలన, దాని మీద ఇంకోటి. ఇన్నాళ్ళూ తన మోకాలికి తగిలింది పరీక్షల విభాగం మొత్తం కబుర్లు.

"మాణిక్యాంబ గారూ," అంది నెమ్మదిగా. "ఈ టేబుల్‌కి నంబరుందా?"

ఆవిడ టేబుల్ కిందకి వంగి చూశారు. కాళ్ళకు చూశారు. సొరుగు లాగి చూశారు. ముఖం ఎర్రబడింది.

"లేదు. సామానని వదిలేశాను. నంబరు లేకపోతే అది భాండాగారం వస్తువు కాదు. నంబరు పడిందంటే దాని మీద చెయ్యి వెయ్యడానికి మళ్ళీ వీసీ గారి సంతకం కావాలి." చెవి మీది పెన్సిలు తీశారు. "ఇలాంటిది నంబరు లేకుండా ఉండటం నా తప్పే. ఇప్పుడే వేస్తాను."

నాయుడు గడ్డ మీద చెయ్యి తీయలేదు.

ఆవిడ పెన్సిలు కొసను వెలుతురుకి ఎత్తి చూశారు. దాన్ని టేబుల్‌కేసి గట్టిగా నొక్కారు. కొస విరిగింది.

"ముల్లు విరిగిందమ్మా. చెక్కుకోవాలి. నేను పెన్సిలు చాలా నిదానంగా చెక్కుతాను," అన్నారు. తాళాల గుత్తిని గడ్డ మీంచి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఒక షరతు. నువ్వు ఒక్కదానివే వినకు. నేనొచ్చి కూర్చుంటాను. ఏ గొంతు ఎవరిదో నాయుడు గారు చెప్పాలి. ప్రతి గొంతుకీ ఒక కార్డు రాస్తాను. వాళ్ళ పిల్లలు కూడా ఈ ఊళ్ళోనే ఎక్కడో ఉంటారు."

లక్కచెవిని ఆటోలో తెచ్చారు.

పైన ఉన్నది ఆఖరి చుక్క. కాబట్టి కాలం వెనక్కి నడిచింది. మొదట ఎవరివో గొంతులు, బస్సు సమ్మె గురించి, బదిలీల గురించి. మధ్యమధ్యలో ఎవరో నాయుడు గారిని ఏదో అడుగుతారు. జవాబుగా టేబుల్ మీద వేళ్ళతో తట్టిన చప్పుడు. ఇంకో చుక్క, ఇంకో ప్రశ్న, మళ్ళీ అదే తట్టడం. విన్న ప్రతి పొరా చిన్న ఎర్రటి బొట్టుగా జారి పళ్ళెంలో పడుతోంది. మాణిక్యాంబ గారు దాన్ని చూడకుండా కార్డులు రాస్తున్నారు. నాయుడు ఒక్కో గొంతుకీ పేరు రాసి చూపిస్తున్నాడు. లక్క అందించే పోలినాయుడు నవ్వినప్పుడు నాయుడు పలక మీద పేరు రాసి, పక్కన సున్నా చుట్టి, పైకి చూపించాడు. పోయాడని. అయినా స్పీకర్లో పోలినాయుడు నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాత కొన్ని చుక్కల్లో తట్టడం కూడా లేదు. ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజులవి. నాయుడు ఎలా ఉన్నాడురా అని ఎవరో అడిగారు. ఎవరూ బదులివ్వలేదు.

ఆ కింది పొరలో ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, గాలిలో కలిసిపోతూ, ప్రతి మాటకీ దగ్గుతూ. నీలవేణి యంత్రం మీంచి తలెత్తింది. ఇదేనా అని తండ్రి వైపు చూసింది. ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

కిందికి దిగేకొద్దీ గొంతు బాగుపడింది. దగ్గు తగ్గింది. బొంగురు విడిపోయింది. వ్యాధి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోతున్నట్టు, చుక్క చుక్కకీ గొంతు లావెక్కింది, మెరుగెక్కింది. చివరికి స్పీకరు అదిరింది.

"ఒరే పోలినాయుడూ, లక్క కాగినాదా, నీ బుర్ర కాగినాదా? తొందరగా తేరా!"

మాణిక్యాంబ గారి చేతిలో పెన్సిలు కింద పడింది. పక్కగదిలో చదువుకునేవాళ్ళు తొంగిచూశారు. నిశ్శబ్దం పాటించండి అని రాసిన బోర్డు కింద ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత సన్యాసినాయుడు గొంతెత్తి అరుస్తున్నాడు, ఆవిడ ఎవరినీ వారించలేదు.

నిమిషాలు పోగయ్యాయి. కావలసినంత దొరికింది. అయినా నీలవేణి యంత్రం ఆపలేదు. ఇంకో చుక్క. అదే గొంతు, ఈసారి మురిపెంగా.

"మా గుంట మాటలు నేర్సినాదిరా. నాను సగం మాట అంటే సాలు, మిగతా సగం అదే అనేస్తాది. ఇంకేటి, నాకు నోరెందుకురా!"

గదిలో అందరూ నవ్వారు. ఆ పాత గదిలో. ఈ గదిలో నాయుడు కూతురి వైపు చూశాడు. ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది.

మాణిక్యాంబ గారు ఆ మాటకి కార్డు రాయలేదు. ఇది మీ ఇంటిదమ్మా, అన్నారు.

* * *

సోమవారం గది ఖాళీ చేయలేదు. ఆ రికార్డింగు విన్న వీసీ గారు దీని మీద తనకి మొదటినుంచీ నమ్మకమేనని కమిటీకి చెప్పారు. పోలినాయుడు మనవలు కార్డు పట్టుకుని వచ్చి తాత నవ్వు విని వెళ్ళారు. వాళ్ళ వెనక ఇంకో కుటుంబం, ఆ వెనక ఇంకోటి. టేబుల్ మూలన ఇప్పుడు గుండ్రటి మరకే ఉంది. దాని మీద పెన్సిలుతో నంబరు ఉంది. తాళాలు తగిలించుకునే చోటు లేదని మాణిక్యాంబ గారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు.

బెంగుళూరు నుంచి గొంతు అచ్చు వచ్చిన రోజున నీలవేణి పొద్దున్నే చిన్న స్పీకరునీ, టైపు చేసే పలకనీ తండ్రి ముందు పెట్టింది. వరహాలమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో ఉప్మా గిన్నె, రెండో చేతిలో గరిటె.

నాయుడు ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ నొక్కుతున్నాడు. మధ్యలో ఆగి పళ్ళెం వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. మళ్ళీ నొక్కాడు. అలవాటుగా నీలవేణి నోరు తెరిచింది. వెంటనే మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుంది. ఎంత సేపైనా సరే.

ఆయన ఆఖరి మీట నొక్కాడు. ఆ గొంతు, మంచి రోజుల గొంతు, ఇల్లంతా నిండింది.

"వరాలూ, నాకు ఉప్మా అంటే మొదట్నించీ ఇష్టం లేదే. మన గుంటే బాగుందని సెప్పీది."

నీలవేణి భయంగా తల్లి వైపు చూసింది. గరిటె గాలిలోనే ఆగి ఉంది. వరహాలమ్మ కదల్లేదు. తర్వాత మెల్లగా వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఆయన పళ్ళెంలో ఇంకో గరిటెడు ఉప్మా వేసింది.

"మళ్ళీ సెప్పు," అంది.